బడి భోజనమా, ఇంటి క్యారేజీనా?

బడులు తెరిచే జూన్ 12 దగ్గర పడుతోంది. సర్కారు బడిలో ఒకటి నుంచి ఐదు చదివే పిల్లలున్న ఇళ్లలో మళ్లీ అదే ప్రశ్న.

ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి పూటకు 100 గ్రాముల బియ్యం, మొత్తం 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది జాతీయ ప్రమాణం. ఆంధ్రలో గుడ్డు, చిక్కీ, రాగిజావ కూడా ఇస్తున్నారు. అన్నిటికన్నా, అన్నం వేడిగా ఉంటుంది. నలుగురితో పంక్తిలో కూర్చుంటే ఇంట్లో ముట్టని ఆకుకూర పప్పు కూడా తింటారు. మా పాపకు అలాగే అలవాటైంది.

క్యారేజీలో బిడ్డకు నచ్చింది పెట్టొచ్చు. కానీ పొద్దున ఏడింటికి కలిపిన పెరుగన్నం జూన్ ఎండకు మధ్యాహ్నానికి పులుస్తుంది. పులిహోర అయితే నిలుస్తుంది. వేరుశనగ పడని పిల్లలకు, పథ్యం ఉన్నవాళ్లకు మాత్రం క్యారేజీయే మేలు. ఆ సంగతి మొదటిరోజే టీచరుకు చెప్పండి.

నేనైతే బడి భోజనానికే మొగ్గుతాను. కంచం, గ్లాసు, మంచినీళ్ల సీసా మీద పేరు రాసి పంపండి.