మారిషస్‌లో ఏ తీరం మేలు? ఫొటో చూసి కాదు, గాలి చూసి తేల్చుకోండి

బెల్ మార్ బీచ్‌లో మొదటిరోజు పొద్దున్నే నాన్న ప్యాంటు మోకాళ్ళ పైకి మడుచుకుని నీళ్ళలోకి దిగారు. యాభై అడుగులు లోపలికి నడిచినా నీళ్ళు మోకాళ్ళు దాటలేదు. వెనక్కి తిరిగి, "ఇదేంట్రా, చెరువులా ఉంది. అలలేవీ?" అన్నారు. విశాఖలో పుట్టి పెరిగిన మనిషి. అల వచ్చి కాళ్ళ కింద ఇసుక లాక్కుపోకపోతే ఆయన లెక్కలో అది సముద్రమే కాదు.

అలలు లేకపోలేదు. దూరంగా, సముద్రం మధ్యలో తెల్లటి గీత గీసినట్టు కనిపిస్తోందే, అక్కడ విరిగిపోతున్నాయి. మారిషస్ చుట్టూ దాదాపు అన్ని వైపులా పగడపు దిబ్బలు గోడ కట్టినట్టు ఉంటాయి. ఆ గోడకీ ఒడ్డుకీ మధ్య నిలిచిన లోతులేని నీళ్ళే ఫొటోల్లో కనిపించే ఆ లేత ఆకుపచ్చ నీలం. మన దగ్గర సముద్రం చూసి పెరిగినవాళ్ళు ముందు ఈ సంగతి తెలుసుకుని వెళ్తే సగం తగాదా ఉండదు.

రెండో అపోహ నల్ల ఇసుక గురించి. అగ్నిపర్వతం పొంగి పుట్టిన ద్వీపం కదా, బీచ్‌లన్నీ నల్లగా ఉంటాయనుకుంటారు. మారిషస్‌లో రాయి నలుపే, ఇసుక తెలుపు. ఆ ఇసుక లావా రాయి అరిగితే వచ్చింది కాదు. పగడాలు, గవ్వలు పొడైతే వచ్చింది. నల్ల ఇసుకే కావాలంటే పక్కనున్న రీయూనియన్‌కు, ఎటాంగ్ సాలే బీచ్‌కు పోవాలి. విమానంలో ముప్పావుగంట. అక్కడి అగ్నిపర్వతం ఇంకా బతికే ఉంది. కానీ సొరచేపల దాడుల తర్వాత 2013 నుంచి రీయూనియన్‌లో ఎక్కడపడితే అక్కడ ఈదనివ్వరు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకు నేనైతే మారిషస్సే చెబుతాను.

ఇక్కడ ఒక చుట్టరికం చెప్పకుండా ఉండలేను. భూమి లోపల ఒకచోట పొయ్యి మండుతోందనుకోండి. పైనున్న నేల పలక మెల్లగా జరిగిపోతుంటే, పొయ్యి మీదికి వచ్చిన చోటల్లా లావా పొంగుతుంది. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట ఆ పొయ్యి మీద మన దేశం ఉంది. దక్కన్ పీఠభూమి నల్లరాయి అప్పటిదే. ఆదిలాబాద్, వికారాబాద్ వైపు కనిపించేదీ, రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో కొట్టేదీ ఆ రాయే. తర్వాత లక్షద్వీప్, మాల్దీవులు, ఆపైన మారిషస్. ఇప్పుడు ఆ పొయ్యి రీయూనియన్ కింద మండుతోంది. మారిషస్ చెరకు తోటల్లో కూలీలు చేత్తో ఏరి గుట్టలు పోసిన నల్లరాళ్ళు చూసి అమ్మ, "మన పంగిడి కంకరలా ఉందే" అంది. ఊరికే అన్న మాటే గానీ తప్పు కాదు.

ఇక అసలు విషయం. ఏ బీచ్ అని కాదు, ఏ వైపు అని ముందు అడగాలి.

తూర్పా, ఉత్తరమా?

మేం చేసిన తప్పు ఇక్కడే. వెళ్ళింది ఆగస్టులో. ఫొటోలు చూసి తూర్పున బెల్ మార్ దగ్గర గది తీసుకున్నాం. బడిలో చదువుకున్న ఆగ్నేయ వ్యాపార పవనాలు గుర్తున్నాయా? మే నుంచి సెప్టెంబరు, అక్టోబరు దాకా అవి తిన్నగా ఈ తీరానికే తగులుతాయి. అక్కడ అది చలికాలం. నీళ్ళు 22, 23 డిగ్రీలు. ఎండ బాగానే ఉంటుంది, నీళ్ళలోంచి బయటికి రాగానే వణుకు. టవల్ పరిస్తే ఒక మూల ఎగిరి ముఖానికి కొట్టేది. మా అమ్మాయి కట్టిన ఇసుక గూడు ఎండి, పొడిపొడిగా గాలికి లేచిపోయేది. బుకింగ్ చేసినవాళ్ళు గాలి గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అడగాలని మాకూ తోచలేదు.

మూడురోజులు చూసి ఉత్తరాన ట్రూ-ఓ-బిష్‌కు మకాం మార్చాం. గంటంపావు ప్రయాణం. ద్వీపం మొత్తం పొడవే 65 కిలోమీటర్లు కాబట్టి ఎక్కణ్ణుంచి ఎక్కడికైనా పెద్ద దూరం కాదు. దిగీ దిగగానే తేడా తెలిసింది. అదే రోజు, అదే ఆకాశం, ఇక్కడ సరుగుడు కొమ్మ కూడా కదలడం లేదు. తీరం కొడవలిలా వంగి ఉంటుంది. నీళ్ళు ఒడ్డు దగ్గరే నడుము లోతు వస్తాయి కాబట్టి మునిగి తేలడానికి ఫర్లాంగు నడవక్కర్లేదు.

అలాగని బెల్ మార్‌ను తీసిపారేయలేం. నవంబరు, డిసెంబరుల్లో గాలి తగ్గాక అంత పొడవైన తెల్లటి ఇసుక ద్వీపంలో ఇంకెక్కడా దొరకదు. పొద్దున్నే లేచి నడిచే అలవాటున్నవాళ్ళకు సూర్యోదయం నీళ్ళలోంచే వస్తుంది. కొత్త దంపతులకు, మనుషుల గోల వద్దనుకునేవాళ్ళకు అదే మంచిది. రిసార్టు దాటి బయటికొస్తే మాత్రం చెరకు తోటలే. రాత్రి ఎనిమిదింటికి పెరుగు ప్యాకెట్ కావాలంటే కారు తీయాలి. ఉత్తరాన ఆ బాధ లేదు. వంటగది ఉన్న ఫ్లాట్‌లు అద్దెకు దొరుకుతాయి, పక్కనే దుకాణాలుంటాయి. అన్నం వండుకుని, తెచ్చుకున్న గోంగూర పచ్చడి కలుపుకుని, సాయంత్రం సూర్యాస్తమయానికి బీచ్‌లో ఉండొచ్చు. జనవరి నుంచి మార్చి దాకా తుపానుల కాలం. అప్పుడు ఏ వైపైనా అదృష్టమే.

ఉత్తరంలో కూడా అన్నీ ఒకటి కావు. గ్రాండ్ బే పేరు ఎక్కువగా వినిపిస్తుంది గానీ అది పడవలు ఆగే చోటు. షాపింగుకు పనికొస్తుంది, ఈతకు కాదు. పెరేబేర్ చిన్నది, ఆదివారం కాలు పెట్టే సందుండదు. నాకు నచ్చింది మోన్ ష్వాజీ. బీచ్ వెనక సరుగుడు తోపు, దాని వెనక పొడవైన పచ్చిక మైదానం. ఒకప్పుడు అది విమానాలు దిగిన నేల. 1933లో మారిషస్ నుంచి రీయూనియన్‌కు తొలి విమానం ఎగిరింది అక్కణ్ణుంచే. సెలవురోజున ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చినట్టు కుటుంబాలు గిన్నెలతో, చాపలతో వచ్చి ఆ నీడలో కూర్చుంటాయి. ఒక బండి దగ్గర దాల్ పూరీ, ఇంకో బండి దగ్గర గాతో పిమా. పేరు ఫ్రెంచి, వస్తువు మాత్రం మన మసాలా వడకు తమ్ముడు. అనాసపండును తొడిమతో సహా చెక్కి, ఉప్పూ కారం చింతపండు పులుపు అద్ది చేతికిస్తారు. ఐస్‌క్రీమ్ పట్టుకున్నట్టు పట్టుకుని తినాలి. నాన్న రెండు తిన్నారు, చెరువు అన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

అక్కడ ఒక పెద్దావిడ మా మాటలు విని, "మీరు తెలుగా?" అని కొంచెం తడుముకుంటూ అడిగింది. ఆవిడ ముత్తాతలు కోరంగి వైపు నుంచి వెళ్ళారట. ఆ రేవు పేరుమీదే మారిషస్‌లో పాతరోజుల్లో తెలుగువాళ్ళను కోరంగీలనేవారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. ఆరోజు బీచ్‌కు వెళ్తే తెలుగు పేర్లు చెవిన పడతాయని ఆవిడే చెప్పింది.

పడమర వైపు

చలికాలంలో ఉత్తరానికి పోటీ ఏదైనా ఉందంటే పడమరే. మధ్యలో ఉన్న కొండలు గాలినీ వాననూ ఆపేస్తాయి. మధ్య మిట్ట మీదున్న క్యూర్‌పీప్ ఊళ్ళో గొడుగు పట్టుకుని కారెక్కితే ఫ్లిక్-ఆన్-ఫ్లాక్‌లో నల్లకళ్ళజోడు పెట్టుకుని దిగుతాం. ఫ్లిక్-ఆన్-ఫ్లాక్ పొడవైన బీచ్, దండిగా ఫ్లాట్‌లు, ఖర్చు అదుపులో ఉంటుంది. ట్రూ-ఓ-బిష్‌తో పోలిస్తే నీళ్ళ అడుగున రాళ్ళూ పగడపు ముక్కలూ ఎక్కువ. ముళ్ళబంతిలా ఉండే జీవులు కూడా ఉంటాయి, కాలికి గుచ్చుకుంటే ఆ రోజుకి ఈత బంద్. నీళ్ళలో వేసుకునే రబ్బరు బూట్లు ఇంటినుంచే తీసుకెళ్ళండి. కొంచెం కిందికి వెళ్తే తమరిన్. నది కలిసేచోట మంచినీటికి పగడం పెరగదు కాబట్టి అక్కడ గోడలో సందుంది, అలలు లోపలికి వస్తాయి. పొద్దున్నే పడవల్లో డాల్ఫిన్‌లను చూపిస్తామంటారు. ఒక డాల్ఫిన్ వెనక పది పడవలు పరుగెత్తడం చూశాక నాకు మనసొప్పలేదు, ఎవరికీ చెప్పను కూడా.

నైరుతి మూలన లె మోర్న్. 556 మీటర్ల నల్లటి కొండ, నిటారుగా, కాళ్ళ దగ్గర తెల్లటి ఇసుక. నిజం చెప్పాలంటే ద్వీపం మొత్తంలో చూపు తిప్పుకోలేని చోటు ఇదే. పారిపోయిన బానిసలు ఆ కొండ గుహల్లో దాక్కునేవారు. బానిసత్వం రద్దైందని చెప్పడానికి 1835లో సిపాయిలు వస్తే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని కొండ మీంచి దూకేశారని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. 2008లో యునెస్కో వారసత్వ జాబితాలోకి వెళ్ళింది. అయితే ఉండటానికి లె మోర్న్ మేలా అంటే, కాదు. చలికాలంలో గాలి ఈ మూలను చుట్టుకుని వస్తుంది. గాలిపటం కట్టుకుని నీళ్ళమీద జారే కైట్ సర్ఫింగ్ వాళ్ళకు అది పండగ, పిల్లలతో వచ్చినవాళ్ళకు ఇసుక కళ్ళలో పడే బాధ. ఇంటర్నెట్‌లో కనిపించే "సముద్రం కింద జలపాతం" కూడా ఇక్కడిదే. ఇసుకా మట్టీ లోతులోకి జారడం వల్ల పైనుంచి అలా కనిపిస్తుంది, హెలికాప్టర్ ఎక్కితేనే. ఒడ్డున నిలబడి వెతక్కండి.

హోటళ్ళు బీచ్‌ను ఆక్రమించినట్టే కనిపిస్తాయి గానీ చట్టం ప్రకారం ఇసుక అందరిదీ. కాపలావాడు చూసే చూపుకు వెనక్కి తగ్గక్కర్లేదు, వాళ్ళ కుర్చీల్లో కూర్చోకుండా ఉంటే చాలు.

ఒక జింక గోల

తూర్పున ఇల్-ఓ-సెర్ అనే దీవి ఉంది. ట్రూ దో దూస్ నుంచి పడవ. అందమైనదే, కానీ మధ్యాహ్నానికి తీర్థంలా ఉంటుంది. పొద్దున తొమ్మిదిలోపు చేరితేనే వెళ్ళండి. మా బావమరిది డ్రైవర్‌కు ఇల్-ఓ-సెర్ బదులు ట్రూ-ఓ-సెర్ అని చెప్పాడు. గంటసేపు ప్రయాణించి, ఈత దుస్తుల్లో, క్యూర్‌పీప్‌లో పాత అగ్నిపర్వతం గుంట అంచున దిగాం. చలి, పొగమంచు, అడుగున చెట్లూ కాస్త నీరూ. సెర్ అంటే జింక, బిష్ అంటే ఆడజింక. 1639లో డచ్చివాళ్ళు జావా నుంచి జింకల్ని తెచ్చి వదిలారు, అప్పట్నుంచి పేర్లన్నీ వాటివే. పేరు కాగితం మీద రాసి చూపించండి.

అలలు కావాలా?

దక్షిణాన గ్రి గ్రి దగ్గర పగడపు గోడ తెగిపోయింది. దక్షిణ మహాసముద్రం నుంచి వచ్చే అల మధ్యలో ఏదీ అడ్డం లేకుండా నల్లరాతి కొండచరియకు తగులుతుంది. ఈతకు దిగితే ప్రాణాలకే ముప్పు, బోర్డులు కూడా అదే చెబుతాయి. గట్టు మీద పచ్చికలో పది నిమిషాలు నడిస్తే "ఏడ్చే రాయి" వస్తుంది, అల వెనక్కి వెళ్ళినప్పుడల్లా రాతి ముఖం మీంచి నీళ్ళు ధారలుగా కారుతుంటాయి. నాన్న అక్కణ్ణుంచి కదలలేదు. ఉప్పుతుంపర కళ్ళజోడు మీద పడి తెల్లటి పొరకట్టింది. తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఇప్పుడు చెప్పు, వెళ్దాం" అనడానికి గంట పట్టింది. వారం రోజుల్లో ఒక పూట దీనికి ఇవ్వండి, మకాం మాత్రం పెట్టకండి.

చివరిరోజుకు బ్లూ బే. విమానాశ్రయం పక్కనే, చిన్న బీచ్, రక్షిత సముద్ర ప్రాంతం. అడుగున అద్దం వేసిన పడవలో కూర్చుంటే పగడాలు కిందనుంచి జరిగిపోతుంటాయి. కొన్ని వేడికి తెల్లబడిపోయి ఉన్నాయి, దాచడానికేం లేదు. 2020లో దీనికి కొంచెం పైన వకాషియో ఓడ దిబ్బకెక్కి దాదాపు వెయ్యి టన్నుల చమురు కారింది. ఊళ్ళవాళ్ళు చెరకు ఆకును గుడ్డసంచుల్లో కుక్కి, తేలే కట్టలు కట్టి నీళ్ళలో అడ్డం వేశారు. ఆ కథ పడవ నడిపే అబ్బాయిని అడగండి, వివరంగా చెబుతాడు. మేం అక్కడ మధ్యాహ్నం దాకా ఈది, తడిబట్టలు కవర్లో చుట్టి, జుట్టు ఆరకుండానే విమానం ఎక్కాం. ముంబైలో సూట్‌కేసు విప్పితే గోంగూర వాసన, సముద్రం వాసన కలిసిపోయి ఉన్నాయి.