వెర్‌స్టాపెన్‌కు రెట్టింపు లేదు: మూడు సీజన్ల మా ఫ్యాంటసీ లీగ్

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ రోజు స్టాండులో పక్కపక్కన కూర్చున్న కొందరం బయటికి వస్తూ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి, మాటల్లో పడి, వాట్సాప్ బృందం పెట్టుకున్నాం. మూడు వారాలకు బహ్రెయిన్‌లో ఫార్ములా వన్ సీజన్ మొదలయ్యేసరికి అది పద్నాలుగు మంది ఫ్యాంటసీ లీగ్ అయింది. లీగ్ తెరిచి అందరికీ కోడ్ పంపిన పాపానికి నిర్వహణ నా మెడకు చుట్టుకుంది.

ఆట తెలియనివారికి రెండు ముక్కలు. నిజం రేసుల్లో మనం కొన్నవాళ్లు ఎలా రాణిస్తే మనకు అలా పాయింట్లు వస్తాయి. చేతిలో పది కోట్ల డాలర్ల ఉత్తుత్తి డబ్బు ఉంటుంది. దానితో అయిదుగురు డ్రైవర్లను, ఫెరారీ లాంటి రెండు రేసు జట్లను కొని మన జట్టు కూర్చుకోవాలి. ఒక డ్రైవర్‌కు రెట్టింపు పాయింట్లు పెట్టుకోవచ్చు. ప్రతి రేసుకూ మామూలుగా రెండు మార్పులు ఉచితం, ఆపైన మారిస్తే పాయింట్లు కోస్తారు. రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే క్వాలిఫయింగ్ మొదలయ్యే నిమిషానికి మన జట్టుకు తాళం పడుతుంది, ఇక మార్చలేం. స్ప్రింట్ అనే అదనపు చిన్న రేసు ఉన్న వారంలో ఇంకా ముందే పడుతుంది. ఒకరు మూడు జట్ల దాకా పెట్టుకునే వీలుంది గానీ మేము మనిషికి ఒకటే అన్నాం. లేకపోతే ఒకే మనిషి మూడు చోట్ల నుంచి ఓడిపోవడం చూడాల్సి వస్తుంది.

మొదటి సీజన్ చప్పగా సాగింది. ఆ ఏడాది 22 రేసుల్లో 21 రెడ్ బుల్ జట్టు గెలిచింది, వాటిలో 19 దాని డ్రైవర్ మాక్స్ వెర్‌స్టాపెన్ ఒక్కడివే. మా పద్నాలుగు జట్లలోనూ అతడే, రెట్టింపు కూడా అతడికే. అందరి విస్తట్లోనూ పప్పు ఉన్నప్పుడు పప్పు గురించి ఎవరు మాట్లాడుకుంటారు? తేడా వచ్చేదల్లా చివర్లో మిగిలిన చిల్లరతో కొన్న చవక డ్రైవర్ల దగ్గరే. ఆగస్టుకల్లా అయిదుగురు జట్లు మార్చడమే మానేశారు. సింగపూర్‌లో ఫెరారీ డ్రైవర్ కార్లోస్ సైంజ్ గెలిచిన ఆదివారం మాత్రం బృందానికి ప్రాణం లేచి వచ్చింది.

అందుకని 2024 సీజన్‌కు ముందు ఒక షరతు పెట్టాను. వెర్‌స్టాపెన్‌ను కొనుక్కోవచ్చు, రెట్టింపు మాత్రం అతడికి పెట్టకూడదు. ఆటలో ఇలాంటి నిబంధనేమీ లేదు కాబట్టి తాళం పడగానే ఎవరి జట్టు ఫొటో వారు బృందంలో పెట్టాలి. రెండు రోజులు పెద్ద రభస జరిగింది. చివరికి ఒప్పుకున్నారు.

ఆ ఏడాది రంజాన్ వల్ల సౌదీలోని జెడ్డా రేసు ఆదివారం నుంచి శనివారానికి మారింది. అంటే క్వాలిఫయింగ్ శుక్రవారం, మన సమయం ప్రకారం రాత్రి పదిన్నరకు. ఆ రోజే అపెండిసైటిస్‌తో సైంజ్ ఆపరేషన్‌కు వెళ్లాడు. ఫెరారీ కారు పద్దెనిమిదేళ్ల ఓలివర్ బేర్‌మన్ చేతికి వచ్చింది. బృందంలో అందరూ హడావిడిగా సైంజ్‌ను తీసేశారు. మా బావమరిది ఒక్కడే మిగిలాడు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. ఆ రాత్రి మహాశివరాత్రి, వాడు కీసరగుట్టలో జాగారంలో ఉన్నాడు. తెల్లవార్లూ మేలుకునే ఉన్నాడు గానీ జట్టు వైపు చూడలేదు. బేర్‌మన్ ఏడో స్థానంలో వచ్చాడు, వాడి సైంజ్‌కు సున్నా. వాణ్ని వారం రోజులు ఏడిపించాం.

రెండు వారాలకు మెల్‌బోర్న్. కోలుకుని వచ్చిన సైంజ్ ఏకంగా రేసే గెలిచాడు! వెర్‌స్టాపెన్ కారు బ్రేకు దగ్గర మంటలు లేచి మొదట్లోనే ఆగిపోయింది. అతడికి రెట్టింపు ఎవరూ పెట్టలేదు కాబట్టి పాయింట్ల కోత రెట్టింపు కాకుండా బతికిపోయాం. బావమరిది జట్టులో సైంజ్ ఇంకా కదలకుండా అలాగే ఉన్నాడు. "శివరాత్రి జాగారం ఊరికే పోతుందా బావా" అని ఒక్క ముక్క పంపి ఫోను కట్టేశాడు.

నా షరతుకు నవంబరులో బ్రెజిల్ బదులిచ్చింది. వాన వల్ల క్వాలిఫయింగ్ ఆదివారానికి వెళ్లింది, వెర్‌స్టాపెన్ 17వ స్థానం నుంచి బయలుదేరి గెలిచాడు. పద్నాలుగు మందిలో ఒక్కరికీ రెట్టింపు లేదు. డల్లాస్‌లో ఉండే మిత్రుడు వరసగా పదకొండు సందేశాలు పంపాడు, వాటిలో ఇక్కడ రాయదగినది ఒక్కటీ లేదు. ఆ వారం గెలిచింది ఒక సభ్యుడి కూతురు, పదో తరగతి పిల్ల. చవకగా దొరికారని ఆల్పీన్ డ్రైవర్లు ఒకాన్, గాస్లీ ఇద్దరినీ నాన్న జట్టులో పెట్టించింది. వాళ్లు రెండు, మూడు స్థానాల్లో వచ్చారు.

ఇంకో పాఠం బెల్జియంలోని స్పా రేసు నేర్పింది. 2024లో అక్కడ జార్జ్ రస్సెల్ గెలిచాడని నేను ఉత్సాహంగా మా లీగ్ పాయింట్ల పట్టిక తయారుచేసి పంపాను. భోజనం చేసి వచ్చేసరికి కారు కిలోన్నర తక్కువ బరువుందని అతణ్ని అనర్హుడిగా ప్రకటించారు, విజయం రెండో స్థానంలో వచ్చిన లూయిస్ హామిల్టన్‌కు వెళ్లింది. అప్పటి నుంచి పట్టిక సోమవారం ఉదయమే. 2025లో లాస్ వేగాస్ రేసు ముగిశాక రెండు మెక్‌లారెన్ కార్లూ అనర్హమైనప్పుడు నా పరువు దక్కింది ఆ నియమం వల్లే.

అమెరికా ఖండం రేసులు ఇక్కడి వాళ్లకు శిక్షే. మెక్సికో క్వాలిఫయింగ్ తెల్లవారుజామున రెండున్నరకు మొదలవుతుంది. నిద్రకు ముందే జట్టు సర్దేసుకోవాలి, తర్వాత వచ్చే వార్తల సంగతి దైవాధీనం. డల్లాస్ మిత్రుడికి ఈ వారాలంటే ప్రాణం.

ఈ ఆట మీద నాకున్న అసలు ఫిర్యాదు వేరు. నేను ఫెరారీ అభిమానిని. 2025 జులైలో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ వానలో నికో హల్కెన్‌బర్గ్ 19వ స్థానం నుంచి మూడో స్థానానికి వచ్చాడు. 239 రేసుల తర్వాత అతడికి అదే మొదటి పోడియం, అంటే మొదటి మూడు స్థానాల్లో చోటు. వెనకాల తరుముతున్నది ఫెరారీలో హామిల్టన్. నా చవక డ్రైవర్ హల్కెన్‌బర్గ్. సోఫా అంచున కూర్చుని, నా సొంత ఎర్ర కారు అతణ్ని దాటకూడదని మొక్కుకుంటున్నాను. ఒంటి మీద ఫెరారీ టీషర్టే ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి తెర వంకా నా వంకా చూసి, "ఇంతకీ మీరు ఎవరి వైపు?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. అయితే పద్నాలుగో స్థానం కోసం జరిగే పోరును కూడా కళ్లార్పకుండా చూడటం ఈ ఆట వల్లే అలవాటైంది. మొత్తం మీద అయిదుకు నాలుగు ఇస్తాను.

డబ్బు పందెం మాత్రం పెట్టుకోలేదు, మీరూ పెట్టుకోవద్దు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ఆన్‌లైన్ పందేలపై నిషేధం ఉంది. మా దగ్గర సీజన్ చివర అట్టడుగున ఉన్నవారు మిగతా పదమూడు మందికీ ఆత్రేయపురం పూతరేకులు పంపాలి. 2025లో ఆ స్థానం నాదే. పన్నెండు డబ్బాలు చేరాయి. డల్లాస్‌కు పొడి కాకుండా ఎలా పంపాలో ఇంకా తేలలేదు.