ఫ్రిస్కోనా, కేరీనా?

న్యూజెర్సీ నుంచి పిల్లలతో మకాం మార్చే మనవాళ్లు టెక్సాస్‌లోని ఫ్రిస్కో, నార్త్ కరోలినాలోని కేరీ మధ్య ఊగిసలాడుతుంటారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని సంబరపడేలోపే ఇంటి పన్ను బిల్లు వచ్చిపడుతుంది. నార్త్ కరోలినాలో ఇంటి పన్ను తక్కువే కానీ, జీతంలో రాష్ట్ర ఆదాయపు పన్ను కోత ఉంది (2025లో 4.25 శాతం).

అసలు తిరకాసు బడులది. కేరీలో ఎక్కువమంది పిల్లలు వేక్ కౌంటీ బడులకే వెళ్తారు. పక్కవీధిలో బడి ఉన్నా సీటు ఇంకోచోట పడొచ్చు. కొన్ని బడులు ఏడాది పొడవునా విడతలుగా నడుస్తాయి, కాబట్టి ఇండియా టికెట్లు కొనేముందే క్యాలెండర్ చూసుకోవాలి. ఫ్రిస్కోలో ఆ టెన్షన్ లేదు, మామూలు వేసవి సెలవులే. అయితే ఆ ఎండలకు మధ్యాహ్నం పార్కు మాట మరచిపోవాలి.

గుళ్లా? ఫ్రిస్కోలో హనుమంతుడు, కేరీలో వేంకటేశ్వరుడు. చెట్ల నీడ కోసం నా ఓటు కేరీకే.