లగ్గం డీవీడీలు ఎంపీ4 చేయించేవాళ్లు జర జాగ్రత్త

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక షాపులో మా అక్క లగ్గం డీవీడీలు ఎంపీ4లోకి మార్చమని ఇచ్చాం, ఇంకెవరి డబ్బులూ ఇట్లా పోవద్దని రాస్తున్నా. డిస్కుకు 300 అన్నాడు, '4కె క్వాలిటీ' కావాలంటే ఇంకో 200. పెన్‌డ్రైవ్ తెచ్చి టీవీకి పెడితే తలంబ్రాల నుంచి బరాత్ దాకా స్క్రీన్ మధ్యలో 'ట్రయల్ వెర్షన్' అని ఇంత లావు అక్షరాలు. అడిగితే "క్రాక్ సరిగ్గా పడలేదు, మళ్లీ చేసిస్తా" అంటాడు (క్రాక్ అంటే డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ తాళం పగలగొట్టి వాడుకోవడం), అదేదో కరెంటు పోయినంత మామూలుగా! అదే పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్‌కు పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారి ఉన్నాయి, యాంటీవైరస్ ఒకటే మొత్తుకోవడం. క్రాక్ సాఫ్ట్‌వేర్ నడిచే కంప్యూటర్ నుంచి ఇంకేం వస్తుంది.

ఆ 4కె ముచ్చట ఇంకో మోసం. మన దగ్గరి లగ్గం డీవీడీల్లో బొమ్మ ఉండేదే 720×576 చుక్కలు (పిక్సెళ్లు), 4కె కంటే చాలా తక్కువ. దాన్ని సాగదీస్తే ఫైల్ సైజు పెరుగుతుంది, ముఖాలు తేటగా రావు.

పైగా మేం అడగకుండానే కొత్త సినిమాలు కొన్ని ఎక్కించి 'ఫ్రీ' అన్నాడు. వెంటనే తీసేశాం. పైరసీ అని తెలిసి కాపీలు చేసి పంచితే కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి, అవి మనకెందుకు?

ఇంట్లో డీవీడీ డ్రైవ్ ఉంటే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, క్రాక్‌తో పనే లేదు. డిస్కులోని వీడియో_టీఎస్ ఫోల్డర్ తెరిచి, హెచ్.264 అనే వీడియో ఫార్మాట్ పెట్టి, కదిలేచోట గీతలు కనపడితే వాటిని తీసేసే డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే చాలు. డౌన్‌లోడ్ మాత్రం వాళ్ల సొంత సైట్ నుంచే చేయండి (2017లో వాళ్ల మ్యాక్ (యాపిల్ కంప్యూటర్) డౌన్‌లోడ్ సర్వర్ ఒకదాంట్లోనే హ్యాకర్లు వైరస్ పెట్టారు, ఇక ఊరూపేరూ లేని సైట్ల సంగతి చెప్పాలా). ఫైల్ అప్‌లోడ్ చేస్తే మార్చిస్తామనే ఆన్‌లైన్ కన్వర్టర్ల జోలికీ పోకండి, వాటి పేరుతో వైరస్‌లు ఎక్కిస్తున్నారని 2025 మార్చిలో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ కూడా హెచ్చరించింది.

షాపుకే ఇవ్వాలంటే ముందు ఒక్క డిస్కు ఇచ్చి, అక్కడే నడిపించి చూసి, తర్వాత డబ్బులివ్వండి. బిల్లు రాయించుకోండి. మా డబ్బులు అడిగితే 4కె తాలూకు 200 చేతిలో పెట్టి, మిగతాదానికి బిల్లు చూపించమంటున్నాడు, బిల్లుబుక్కే లేని షాపాయన.