సీపీగెట్ సీటు: కేయూనా, ఉస్మానియానా?

డిగ్రీ ఆరో సెమిస్టర్ ఫలితాలు ఇవ్వాళా రేపా అంటున్నారు. పీజీ సీట్ల ఉమ్మడి ఎంట్రెన్స్ సీపీగెట్ ర్యాంకులదీ అదే కథ. ర్యాంకు చేతికి రాకముందే ఫోన్లు మొదలయ్యాయి. నర్సంపేట, పరకాల, భూపాలపల్లి, మహబూబాబాద్... ఊళ్లు వేరు గానీ అడిగేది ఒక్కటే: "అన్నా, వెబ్ ఆప్షన్లల్ల ముందు కేయూ పెట్టాల్నా, ఓయూ పెట్టాల్నా?" కేయూ అంటే మన వరంగల్ కాకతీయ యూనివర్సిటీ, ఓయూ అంటే హైదరాబాద్ ఉస్మానియా; వెబ్ ఆప్షన్లంటే సీటు కోసం ఆన్‌లైన్‌లో పెట్టే కాలేజీల వరుస. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ రాసేస్తున్నాను.

ముందు ఒక పాత భ్రమ. ఓయూ ఎంట్రెన్స్ కష్టం, కేయూది అలకగ ఉంటది అనే మాట వేర్వేరు పరీక్షలున్న కాలం నాటిది. ఇప్పుడు ఏ సబ్జెక్టుకు ఆ సబ్జెక్టులో అందరికీ ఒకటే పేపరు. 100 ప్రశ్నలు, గంటన్నర, మైనస్ మార్కులు లేవు, ర్యాంకూ ఒకటే. పేరున్న సబ్జెక్టుల్లో ఓయూ క్యాంపస్ సీట్లు ముందు నిండుతాయి, అంతవరకే తేడా. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రం ఉస్మానియా అంటే ఉస్మానియానే. 1918లో పెట్టింది, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఫొటో దిగితే చుట్టాలందరికీ చూపించుకోవచ్చు. మన కాకతీయ 1976లో వచ్చింది, అంతకుముందు ఇక్కడున్నది ఉస్మానియా వాళ్ల పీజీ సెంటరే. కానీ ఉద్యోగ నోటిఫికేషన్లలో గుర్తింపు పొందిన యూనివర్సిటీ నుంచి పీజీ అని రాస్తారు తప్ప ఫలానా యూనివర్సిటీ అని రాయరు. లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్, సెట్‌లలో మార్కులకూ మీరు ఎక్కడ చదివారన్న దానితో పని లేదు.

చదువు చెప్పేవాళ్ల సంగతి చూద్దామంటే అక్కడా పెద్ద తేడా లేదు. తెలంగాణ వచ్చాక రాష్ట్ర యూనివర్సిటీల్లో రెగ్యులర్ టీచర్ల నియామకాలు పెద్దగా జరగలేదు. ప్రొఫెసర్లు రిటైరవుతూ పోయారు, కాంట్రాక్టు, పార్ట్ టైమ్ లెక్చరర్లే బండి లాగుతున్నారు. యూనివర్సిటీ పేరు చూసి కాదు, మీ డిపార్ట్‌మెంట్‌లో సెకండియర్ వాళ్లను పట్టుకుని వారానికి ఎన్ని పీరియడ్లు నడుస్తున్నాయో అడిగి తెలుసుకోండి. రెండు చోట్లా బాగా నడిచే డిపార్ట్‌మెంట్లూ ఉన్నాయి, తాళం తీయని గదులూ ఉన్నాయి.

మరి తేడా ఎక్కడుంది? నన్నడిగితే హాస్టల్లో ఉంది. ఈ మాట చెబితే చాలామంది నిరాశ పడతారు. సిలబస్ గురించో ప్లేస్‌మెంట్ల గురించో చెబుతానని ఎదురుచూస్తారు. కానీ పీజీలో క్లాసులు మధ్యాహ్నానికో నాలుగింటికో అయిపోతాయి. ఆ తర్వాత రాత్రి పదకొండు దాకా మీరు ఎక్కడ కూర్చుంటారు, ఏం తింటారు, పక్కన ఎవరుంటారు అనే దాన్ని బట్టే ఈ రెండేళ్లు ఎటు పోతాయో తేలుతుంది.

ఓయూలో సీటు వచ్చిన రోజే హాస్టల్ రాదు. అడ్మిషన్లు అయ్యాక దరఖాస్తులు, లిస్టులు, ఆ పైన గది. అప్పటిదాకా విద్యానగర్లోనో అడిక్‌మెట్‌లోనో తార్నాకలోనో బయట గది చూసుకోవాలి, లేదంటే తెలిసిన సీనియర్ గదిలో సర్దుకోవాలి. మా దగ్గరి కుర్రాడొకడు ఎంఏ ఎకనామిక్స్‌కు పోయి అలాగే ఉన్నాడు. రెండు మంచాల నడుమ చాప, మంచం కింద పెట్టె, పొద్దున వాళ్లు లేవకముందే చాప చుట్టేయాలి. చెక్ చేయడానికి ఎవరైనా వస్తున్నారంటే పుస్తకం పట్టుకుని లైబ్రరీకి నడక. గది వచ్చేసరికి మొదటి సెమిస్టర్ ఇంటర్నల్స్ అయిపోయాయి. బయట గది తీసుకుంటే అద్దె, అడ్వాన్సు, మెస్సు, ఛార్జీలు. స్కాలర్‌షిప్ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. అది పడేదాకా ఇంటి నుంచి పంపాలి, లేకపోతే సాయంత్రాలు డెలివరీ బండెక్కాలి. ఇక ఆ సాయంత్రాల్లో చదివేది ఏముంటుంది?

కేయూలోనూ హాస్టల్ సీట్లు అడిగినవాళ్లందరికీ చాలవు. మెస్సులో పప్పు నీళ్లలా ఉందన్న గొడవ లేని యూనివర్సిటీ నాకైతే తెలియదు. కానీ ఇక్కడ హాస్టల్ ఆలస్యమైతే వెనక్కి ఇల్లుంది. పరకాల పిల్ల కొన్నాళ్లు ఇంటి నుంచే వచ్చిపోవచ్చు. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆధార్ చూపిస్తే జీరో టికెట్ కొట్టిస్తారు. పొద్దున కిక్కిరిసిన బస్సులో నిలబడి హన్మకొండలో దిగి, మళ్లీ కేయూ క్రాస్‌రోడ్డు దాకా ఇంకో ప్రయాణం, అలసట మామూలుగా ఉండదు. అయినా ఇంట్లో పైసలడగాల్సిన పని లేకుండా పీజీ మొదలుపెట్టొచ్చు. ఇంతకుముందు డిగ్రీతో ఆపేసే ఇళ్ల నుంచి ఇప్పుడు అమ్మాయిలు ఎమ్మెస్సీకి వస్తున్నారంటే ఇది ఒక కారణమే. అలాగని రెండేళ్లూ బస్సులోనే గడపమనను. ఆఖరి బస్సు కోసం లైబ్రరీలో కుర్చీ వదిలేసి పరిగెత్తేవాళ్లకు సగం సాయంత్రం పోయినట్టే. హాస్టల్ వచ్చిన రోజే మారిపోవాలి.

కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రోజూ రైల్లో పోయొస్తానన్న తమ్ముళ్లు ప్రతి ఏడూ ఉంటారు. సుమారు 130 కిలోమీటర్లు, సీజన్ టికెట్ ఇస్తారు, నిజమే. సికింద్రాబాద్‌లో దిగాక మళ్లీ సిటీ బస్సు పట్టుకోవాలి. నెల తిరక్కుండానే అటెండెన్స్ పడిపోతుంది, 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్‌కూ ముప్పే. వద్దు.

ఓయూ వైపు న్యాయంగా చెప్పాల్సింది ఒకటుంది. గ్రూప్స్ రాయాలని గట్టిగా అనుకున్నవాళ్లకు, క్యాంపస్ హాస్టల్ దొరికే ర్యాంకు ఉన్నవాళ్లకు అక్కడికి పొమ్మనే చెబుతాను. అశోక్‌నగర్ కోచింగులు, చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర్లోనే ఉంటాయి. అంతకన్నా, గదిలో ఉన్న నలుగురూ అదే పరీక్షకు చదువుతుంటే వచ్చే ఊపు వేరు. కేయూ లైబ్రరీలోనూ పొద్దున్నే నీళ్ల సీసా, నోటుబుక్కు పెట్టి కుర్చీ ఆపుకునేవాళ్లు ఉన్నారు గానీ అంత జాతర కాదు. ఎంఏ హిస్టరీ అయితే నేను కేయూనే అంటాను. వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట సిటీలోనే ఉన్నాయి, రామప్పకు పొద్దున పోయి సాయంత్రానికి రావొచ్చు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వాళ్లకు ఫార్మా కంపెనీల ఇంటర్వ్యూలన్నీ హైదరాబాద్ చుట్టే అన్న బెంగ ఉంటుంది. అది రెండేళ్ల తర్వాతి మాట, ఇంటర్వ్యూకు ఇక్కడి నుంచి రైలెక్కి పోవచ్చు. ముందు ల్యాబులో చేయి తిరగాలి.

శాతవాహన కరీంనగర్ వాళ్లకు, డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీ నిజామాబాద్, కామారెడ్డి వాళ్లకు ఇదే లెక్కన దగ్గర. వరంగల్ నుంచి అక్కడికి పోవాల్సిన అవసరం నాకు కనబడదు. హెచ్‌సీయూ, అంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీటు వస్తే మారుమాట లేకుండా చేరిపోండి. కానీ దానికి సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రెన్స్ సీయూఈటీ పీజీ రాసి ఉండాలి, రాయనివాళ్లకు ఈ ఏడు ఆ దారి లేదు. టీచర్ ఉద్యోగమే లక్ష్యమైతే పీజీ పక్కన పెట్టి బీఈడీ సీట్ల ఎడ్‌సెట్ కౌన్సెలింగ్ చూసుకోండి.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. రెగ్యులర్ సీటుకూ సెల్ఫ్ ఫైనాన్స్ సీటుకూ ఫీజులో చాలా తేడా. ఫోన్లో చూస్తూ తొందరలో నొక్కితే ఆ ముక్క కంటికి ఆనదు. నెట్ సెంటర్లో పెద్ద స్క్రీన్ మీద చూసి పెట్టండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎంత వస్తుందో ముందే అడగండి. ఇష్టం లేని కాలేజీని సరదాకు కూడా పైన పెట్టొద్దు. తర్వాతి విడతలో పైదానికి సీటు పడితే కిందిది పోతుంది.

డిగ్రీలో బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు మార్కుల మెమో వచ్చేదాకా ఎవరికీ అడ్వాన్సులు కట్టకండి. కేయూలో డిగ్రీ చదివి ఓయూకు పోయేవాళ్లు మైగ్రేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలి, దానికి సీటు అలాట్ అయ్యాకే అప్లై చేయండి. కేయూలోనే సీటు వస్తే ఆ ఫీజు దండగ.