షహీద్‌గంజ్ గొడవలో ఎవరి దారి మేలు?

లాహోర్‌లోని షహీద్‌గంజ్ మసీదు మొఘలుల కాలం నాటిది. 18వ శతాబ్దంలోనే సిక్కుల చేతికి వచ్చింది. భాయి తారూ సింగ్ లాంటివాళ్లు ప్రాణాలిచ్చిన నేల కాబట్టి వాళ్లకూ అది పవిత్రమే. 1935 జులైలో సిక్కులు ఆ కట్టడాన్ని కూల్చేశారు. ఊరు భగ్గుమంది, పోలీసు కాల్పుల్లో జనం చచ్చిపోయారు. మసీదు తమదేనని ముస్లింలు కోర్టుకెళ్తే, దావా వేయాల్సిన గడువు ఎప్పుడో దాటిపోయిందన్నారు. 1938 జనవరిలో లాహోర్ హైకోర్టు కూడా ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా అదే తేల్చింది.

ఇక మిగిలింది శాసనసభే. పంజాబ్ అసెంబ్లీలో ముస్లిం లీగ్ సభ్యుడు మాలిక్ బర్కత్ అలీ ఒక బిల్లు తయారుచేశారు. మసీదు ఎన్నేళ్లు పరుల చేతిలో ఉన్నా మసీదే, గడువు లెక్క దానికి వర్తించదు, పాత కేసులకూ ఇదే రూలు అని. ముస్లింల బాధకు అది నేరుగా జవాబే, కాదనలేం. కానీ సభలో మెజారిటీ ఉంది కదా అని కోర్టు తీర్పును వెనక్కి తిప్పడం మొదలెడితే, రేపు ఇంకో రాష్ట్రంలో ఇంకొకరి మెజారిటీ ఊరుకుంటుందా?

పంజాబ్ ప్రీమియర్ (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) సికందర్ హయాత్ ఖాన్ పట్టుకున్నది సరిగ్గా ఈ పాయింటే. ముస్లింలు తక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఇదే కత్తి వాళ్ల మీదికే వస్తుందని చెప్పి, బిల్లుకు అనుమతి ఇవ్వొద్దని గవర్నర్‌కు సలహా ఇచ్చారు. స్వార్థం లేదా? ఉంది. ఆయన మంత్రివర్గంలో సుందర్ సింగ్ మజీఠియా అనే సిక్కు మంత్రి ఉన్నారు, బిల్లు కదిలితే ప్రభుత్వమే కదిలిపోయేది. పైగా 1937లో ముస్లిం లీగ్ నేత జిన్నాతో ఒప్పందం చేసుకుని లీగ్ నీడలోకి వచ్చినవాడాయె! సొంతవాళ్ల తిట్లన్నీ తిన్నాడు.

జిన్నా సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. 1936లో లాహోర్ వచ్చి ఆందోళన ఆపించారు, రాజీ కమిటీ వేయించారు. వేడి తగ్గింది, రాజీ మాత్రం కుదరలేదు.

నా ఓటు సికందర్‌కే. అయితే సభలో చర్చ జరగనిచ్చి ఓడించాల్సింది. గవర్నర్ తలుపు వెనక ఆపడం నాకు నచ్చలేదు.

1940లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టు) కూడా దావా కొట్టేసింది. మన పీవీ ప్రభుత్వం 1991లో తెచ్చిన ప్రార్థనా స్థలాల చట్టం, అయోధ్యను పక్కనపెట్టి, 1947 ఆగస్టు 15న ఏ ప్రార్థనా స్థలం ఏ మతానిదో అదే కొనసాగాలని గీత గీసింది. ఆ ఆగస్టులోనే లాహోర్ పాకిస్తాన్‌లో కలిసింది. షహీద్‌గంజ్‌లో ఇప్పటికీ గురుద్వారాయే ఉంది.