12 ఏళ్లుగా కప్పుకుంటున్న అమ్మమ్మ బొంత

మా ఇంట్లో దుప్పట్లున్నాయి, ఒక రజాయి కూడా ఉంది. రాత్రయితే గొడవ మాత్రం బొంత కోసమే. 2013 వేసవిలో, నా పెళ్లయిన ఏడాది, అమ్మమ్మ కుట్టి ఇచ్చింది. పైనా కిందా తను కట్టి విడిచిన నేత చీరలు, మధ్యలో తాతయ్య పాత పంచెలు, ఒక నీలం లుంగీ. వసారాలో పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, పెద్ద సూదితో వరసలు వేసుకుంటూ పోయింది. వంట పనయ్యాక కాసేపు చొప్పున ఇరవై రోజులు పట్టింది.

కొత్త గుడ్డ పెట్టొచ్చుగా అని అడిగితే, "కొత్తది ఉతికితే ముడుచుకుపోతుందే పిచ్చిదానా" అంది. ఆ మాట మా పాపకి నేనే చిన్న బొంత కుట్టినప్పుడు అర్థమైంది. పైన కొత్త కాటన్, మధ్యలో పాలిస్టర్ చీర పెట్టాను. మొదటి ఉతుకుకే కాటన్ ముడుచుకుంది, పాలిస్టర్ అలాగే ఉంది, బొంతంతా కాల్చిన అప్పడంలా బొబ్బలు తేలింది. ఏళ్ల తరబడి ఉతికిన చీరకి ఇక ముడుచుకోవడానికేం మిగలదు.

వెచ్చదనంలో రజాయిదే పైచేయి, ఒప్పుకుంటాను. డిసెంబరు చివర్లో హైదరాబాద్ చలికి బొంత ఒక్కటే చాలదు, లోపల దుప్పటి ఉండాలి. ఏసీ గదికీ, ముసురు రోజులకీ మాత్రం దీన్ని మించింది లేదు. రజాయిని ఒకసారి ఉతికితే లోపలి దూది ఓ మూలకి చేరి ఉండలు కట్టింది. బొంతలో అన్నీ పొరలే, జరిగిపోవడానికేం లేదు. బరువు ఉంటుంది. నాకు ఆ బరువే హాయి, మా ఆయనకి కాదు.

అసలు కష్టం ఉతకడమే. 2017లో బద్ధకించి వాషింగ్ మెషీన్‌లో పడేశాను. నీళ్లు పీల్చుకుని బండరాయిలా తయారైంది, మెషీన్ గడగడలాడి మధ్యలో ఆగిపోయింది. తీసి చూస్తే రెండు వరసల కుట్లు తెగి, పై చీర జానెడు చిరిగింది. అప్పట్నుంచి ఏడాదికి రెండుసార్లే, పెద్ద టబ్బులో, కొంచెం సబ్బుపొడి వేసి కాళ్లతో తొక్కుతాను. పిండను. మడిచి గట్టు మీద పెడితే నీళ్లు వాటంతటవే కారిపోతాయి. తర్వాత ఇద్దరం పట్టుకుని పిట్టగోడ మీద పరుస్తాం. తాడు మీద వేలాడదీస్తే తడి బరువంతా ఆ ఒక్క మడత దగ్గర కుట్ల మీదే పడుతుంది.

పైకి ఆరినట్టే ఉంటుంది, నమ్మొద్దు. మడతలో చెయ్యి పెట్టి చూడండి, చల్లగా తగిలితే ఆరనట్టే. ఒక వానాకాలం అలాగే మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టేశాను. నెల తర్వాత తీస్తే ముక్కిన వాసన, నల్ల చుక్కలు. ఎండలో వేస్తే వాసన పోయింది, చుక్కలు ఇప్పటికీ ఉన్నాయి. ఇప్పుడు పాత పంచెలో చుట్టి పెడుతున్నాను. కలరా ఉండలు వేయను, ముఖం మీదికి లాక్కునే దానికి ఆ కంపు ఎవరు భరిస్తారు? గంజి సంగతి సరేసరి, పురుగుల్ని పిలిచినట్టే. రెండు వారాలకోసారి ఎండలో వేసి, తిరగేసి, కర్రతో దులుపుతాను.

ముందుగా మాసేదీ, చిరిగేదీ తలవైపు అంచే. అమ్మ చెబితే ఆ అంచుకి విడిగా ఒక గుడ్డ పెట్టి టాకాలు వేశాను. దాన్ని మాత్రం విప్పి ఉతుక్కుంటే చాలు. ఈ పని మొదట్లోనే చేసి ఉండాల్సింది.

పోయినేడాదికి పై చీర బాగా పలచబడి లోపలి నీలం లుంగీ కనబడసాగింది. అమ్మమ్మ కుట్లు విప్పబుద్ధి కాలేదు. దాని మీదే నా పాత మంగళగిరి చీర పరిచి కుట్టేశాను. నా వరసలు అమ్మమ్మవంత తిన్నగా రాలేదు. మా ఆయన మాత్రం ఇంకో చీర బరువు పెరిగిందని సణుగుతున్నాడు.